హనుమకొండ ఎంపీ సీటు: గెలిచినవాళ్లు, తప్పుకున్నవాళ్లు

ఇవాళ నేను మాట్లాడబోయేది ఇప్పుడు లేని ఒక లోక్‌సభ స్థానం గురించి. హనుమకొండ పేరుతో ఎంపీ ఎన్నిక మొదటిసారి 1977లో జరిగింది, చివరిసారి 2008లో. ఈ 31 ఏళ్లలో 9 సాధారణ ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక వచ్చాయి. పదిసార్లు ఓటేసిన ఈ ప్రాంతం లోక్‌సభకు పంపింది మాత్రం అయిదుగురినే. పి.వి. నరసింహారావు రెండుసార్లు, చందుపట్ల జంగారెడ్డి ఒకసారి, కమాలుద్దీన్ అహ్మద్ మూడుసార్లు, చాడ సురేశ్‌రెడ్డి రెండుసార్లు, బోయినపల్లి వినోద్‌కుమార్ రెండుసార్లు గెలిచారు. పార్టీలు నాలుగు: కాంగ్రెస్, భారతీయ జనతా పార్టీ, తెలుగుదేశం, తెలంగాణ రాష్ట్ర సమితి. ఈ పది ఎన్నికల్లో జనం నోట నిలిచింది 1984 ఒక్కటే. ఆ డిసెంబరులో కేంద్ర హోంమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు ఇక్కడ 54 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. దేశం మొత్తం మీద బీజేపీకి దక్కిన రెండే రెండు సీట్లలో గుజరాత్‌లోని మెహ్‌సాణా ఒకటైతే, హనుమకొండ రెండోది. ఆ ఒక్క ఫలితమే ఈ స్థానానికి మొత్తం చరిత్ర అయిపోయింది. అంత పేరు తెచ్చిన గెలుపు ఇక్కడ మళ్లీ జరగలేదు. అయిదుగురు ఎంపీల్లో రెండోసారి గెలవనిది జంగారెడ్డి ఒక్కరే. ఎక్కువగా గుర్తున్నదాన్నే స్థానం స్వభావమని నమ్మితే మనం దారి తప్పుతామనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

1984 ఫలితాన్ని చెప్పుకునే తీరులు రెండు ఉన్నాయి. ఒకటి సిద్ధాంతం వైపు నుంచి: తెలంగాణ నడిబొడ్డున కమలం వికసించింది, అది రాబోయే కాలానికి సూచన అని. రెండోది వ్యక్తి వైపు నుంచి: సొంత జిల్లా జనం పి.వి.ని తిరస్కరించారని. రెండూ ఫలితాల పట్టికలో మొదటి రెండు వరుసల్నే చూస్తాయి. ఆ పట్టికలో లేని పేర్లను కూడా చూడాలన్నది నా వాదన. ఏ పార్టీ ఇక్కడ నామినేషన్ వేయలేదు? వేయగలిగీ ఎవరి కోసం ఆగిపోయింది? హనుమకొండ చరిత్రను గెలిచినవాళ్ల జాబితాగా కాకుండా తప్పుకున్నవాళ్ల జాబితాగా చదివితే, చిక్కుముడిలా కనిపించే ఫలితాల్లో చాలావరకు విడిపోతాయి. 1984లో తెలుగుదేశం బీజేపీ కోసం తప్పుకుంది. 1999లో బీజేపీ తెలుగుదేశం కోసం తప్పుకుంది. 2004లో కాంగ్రెస్ టీఆర్ఎస్ కోసం తప్పుకుంది. ఈ స్థానంలో ఎప్పుడో ఒకప్పుడు గెలిచిన మూడు పెద్ద పార్టీలూ తలా ఒకసారైనా దీన్ని ఇతరులకు వదిలాయి. పైన చెప్పిన మూడుసార్లూ, ఎవరి కోసం వదిలారో వాళ్లే గెలిచారు.

ఒక స్థానానికి ఒకే సభ్యుడు అన్న పద్ధతిలోనే దీనికి మూలం ఉంది. మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో మన దేశంలో కొన్ని చోట్ల ద్విసభ్య స్థానాలుండేవి. 1952లో పక్కనున్న కరీంనగర్ నుంచి పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) నాయకుడు బద్దం ఎల్లారెడ్డి, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాయకుడు ఎం.ఆర్. కృష్ణ ఇద్దరూ లోక్‌సభకు వెళ్లారు. అలాంటి చోట ఇద్దరు మిత్రులు చెరొకటి తీసుకోవచ్చు. 1961లో చట్టం తెచ్చి ద్విసభ్య స్థానాలను రద్దు చేశాక ఆ వెసులుబాటు పోయింది. ఒకే సీటు ఉన్నచోట సగం సగం పంచుకోవడం కుదరదు. పొత్తంటే ఒక పార్టీ ఆ స్థానంలో పూర్తిగా కనిపించకుండా పోవడమే. దాని కార్యకర్తకు ప్రచారం చేయడానికి సొంత గుర్తు ఉండదు. దాని ఓటరుకు సొంత అభ్యర్థి ఉండడు. అయిదేళ్ల తర్వాత అక్కడ ఆ పార్టీ బతికి ఉంటుందన్న హామీ కూడా ఉండదు. అంత మూల్యం చెల్లించి ఒక పార్టీ పక్కకు జరిగిందంటే, ఆ సంగతిని ఫలితానికి అడుగున రాసే చిన్న వివరణగా కాక ఫలితానికి మొదటి కారణంగా చూడాలి. మన ఎన్నికల గణాంకాల్లో మాత్రం పోటీ చేయని పార్టీకి గడే లేదు. ఉన్నవాళ్లకు వచ్చిన ఓట్లే లెక్కకు వస్తాయి. లేనివాళ్లు ఇచ్చిన ఓట్లు, అందుకున్నవాళ్ల ఖాతాలో పడి వాళ్ల సొంత బలంగా కనిపిస్తాయి.

వరుసగా చూద్దాం. 1977కు ముందు ఈ పట్టణం ఎంపీ ఎన్నిక వరంగల్ పేరుతోనే జరిగేది. 1952లో అక్కడ పీడీఎఫ్ తరఫున పెండ్యాల రాఘవరావు గెలిచారు. 1971లో తెలంగాణ ప్రజా సమితి తరఫున ఎస్.బి. గిరి గెలిచారు. 1971 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 41 నుంచి 42 అయ్యాయి. హనుమకొండ అప్పుడే ఎన్నికల పటం మీదికి వచ్చింది. మంథని నుంచి ఇరవై ఏళ్లు శాసనసభ్యుడిగా, మధ్యలో ముఖ్యమంత్రిగా ఉన్న పి.వి. 1977లో ఆవు దూడ గుర్తు మీద ఇక్కడ గెలిచారు. 1980లో హస్తం గుర్తు మీద మళ్లీ గెలిచారు. నా వాదనకు మొదటి అభ్యంతరం ఇక్కడే ఎదురవుతుంది. 1977లో ప్రతిపక్షాలు జనతా పార్టీగా ఒక్కటయ్యాయి కదా, మరి హనుమకొండలో కాంగ్రెస్ ఎలా గెలిచింది? న్యాయమైన ప్రశ్న. ఆ ఏడాది రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు 41 వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున బయటపడ్డారు. ఐక్యత ఉంది, కానీ అది ఢిల్లీలో కుదిరిన ఐక్యత. పల్లెల్లో ఒకరి కోసం ఒకరు వదులుకోవడానికి ఇక్కడి ప్రతిపక్షాల చేతిలో పెద్దగా ఏమీ లేదు. కాబట్టి వాదనను కొంచెం సవరించి చెప్పాలి. తప్పుకోవడం ఒక్కటే చాలదు. తప్పుకున్న పార్టీకి అక్కడ నిజమైన బలం ఉండాలి, దాన్ని అందుకునే అభ్యర్థికి ఊరూరా ముఖ పరిచయం ఉండాలి. 1977లో మొదటిది లేదు. 1984లో రెండూ కలిశాయి.

ఆ ఏడాది జరిగిన సంగతులు ఈ సభలో చాలామందికి తెలిసినవే అయినా క్రమం ముఖ్యం. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. ఆ నెల రోజుల పోరాటంలో వామపక్షాలు, జనతా, బీజేపీ ఆయన పక్కన నిలిచాయి. ఆ పక్కన నిలవడమే డిసెంబరు ఎన్నికల్లో సీట్ల సర్దుబాటయింది. ఆ పొత్తులోనే మహబూబ్‌నగర్ జనతాకు, మిర్యాలగూడ సీపీఎంకు వెళ్లాయి. అక్కడ జైపాల్‌రెడ్డి, భీమిరెడ్డి నరసింహారెడ్డి గెలిచారు. హనుమకొండ బీజేపీకి వచ్చింది. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కు 400 పైచిలుకు సీట్లు కట్టబెడుతుంటే, ఈ రాష్ట్రంలో కాంగ్రెస్ ఆరింటికి పరిమితమైంది, తెలుగుదేశం ఒక్కటే 30 గెలిచింది. ఇంకో సంగతి కూడా మరచిపోకూడదు. ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వం పడిపోయినప్పుడు కేంద్ర హోంమంత్రి పి.వి.యే. ఆయన పాత్ర ఎంతన్నది నేను తీర్పు చెప్పగల విషయం కాదు. కానీ ఆ శాఖ కుర్చీలో ఉన్న మనిషి పేరు నాలుగు నెలలకే ఆ రాష్ట్రంలోనే బ్యాలెట్ పేపరు మీద కనిపించింది.

ఆ బ్యాలెట్ పేపరును కాస్త దగ్గరగా చూడాలి. 1981 లెక్కల ప్రకారం రాష్ట్రంలో అక్షరాస్యత సుమారు 30 శాతం. పల్లె ఓటరుకు పార్టీ అంటే గుర్తు. ఏడాదిన్నర పైగా ఎన్టీఆర్ అంటే సైకిల్, సైకిల్ అంటే ఎన్టీఆర్. అలాంటి ఓటరు 1984 డిసెంబరులో హనుమకొండ స్థానంలోని పోలింగ్ బూత్‌లోకి వెళ్లి, ముద్ర చేతిలో పట్టుకుని, కాగితం విప్పితే అందులో సైకిలే లేదు. హస్తం ఉంది, కమలం ఉంది. కమలం అప్పటికి నాలుగేళ్ల గుర్తు. అన్నగారికి ఓటేయాలంటే పువ్వు మీద గుద్దాలని ఎవరో ఒకరు ఇంటింటికీ తిరిగి, గోడల మీద రాసి, నమూనా కాగితం చూపించి నేర్పి ఉండాలి. లేకపోతే ఆ ఓట్లలో చాలా భాగం చెల్లకుండా పోయేవి, లేదా అలవాటైన గుర్తుకు పడేవి. 54 వేల పైచిలుకు మెజారిటీ వెనక ఆ నేర్పిన పని ఉంది. దాన్ని చేసినవాళ్లలో ఎక్కువమంది ఆ కమలం పార్టీ వాళ్లు కాదు, ఆ గుర్తు ఇక్కడ గెలిచినందువల్ల వాళ్ల పార్టీకి లోక్‌సభలో ఒక సీటు కూడా పెరగలేదు. మన రాజకీయ చరిత్ర రచనలో నాయకుల మాటలకు దొరికినంత చోటు ఈ తరహా శ్రమకు దొరకలేదు. అది నన్ను నిజంగా బాధపెట్టే లోటు.

దీనికి గట్టి ప్రతివాదం ఉంది. జంగారెడ్డి తెలుగుదేశం దయతో గెలిచినవాడు కాడు, ఆయనకు సొంత బలముంది అంటారు. నిజమే. తెలంగాణలో జనసంఘ్‌కు ఆనవాలు దొరకడమే కష్టమైన 1967లో ఆయన పరకాల నుంచి శాసనసభకు గెలిచారు. 1978లో శాయంపేట నుంచి జనతా తరఫున గెలిచారు. 1983లో తెలుగుదేశం ప్రభంజనంలో రాష్ట్రం మొత్తం మీద బీజేపీకి మూడే స్థానాలు వస్తే వాటిలో శాయంపేట ఒకటి. అప్పుడు తెలుగుదేశంతో ఆయనకు పొత్తు లేదు, దానికి ఎదురీదే గెలిచారు. కాబట్టి మనిషికి విలువ లేదని నేననడం లేదు. కానీ ఆ మూడు గెలుపులూ ఒక శాసనసభ నియోజకవర్గం మేరకు సాధించినవి. ఎంపీ స్థానంలో అలాంటివి ఏడు కలిసి ఉంటాయి. ఒక మూల ఉన్న బలం ఏడు చోట్లకు వ్యాపించాలంటే వేరే పార్టీ యంత్రాంగం కావాలి. ఆయన సొంత బలమే నిర్ణయించి ఉంటే 1984 తర్వాత కూడా ఈ స్థానం ఆయన చేతిలోనో, ఆయన పార్టీ చేతిలోనో కొంతకాలమైనా ఉండాల్సింది. ఆ తర్వాత హనుమకొండలో బీజేపీ ఎప్పుడూ గెలవలేదు.

రెండో ప్రతివాదం దీనికి ఎదుటి వైపు నుంచి వస్తుంది. అంతా రాష్ట్ర గాలే, హనుమకొండ ప్రత్యేకత ఏమీ లేదంటారు. పక్క జిల్లాలు దీనికి అడ్డం నిలుస్తాయి. అదే గాలిలో కరీంనగర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి జువ్వాడి చొక్కారావు గెలిచారు. ఖమ్మంలో జలగం వెంగళరావు గెలిచారు. వెంగళరావూ మాజీ ముఖ్యమంత్రే, పి.వి.యూ మాజీ ముఖ్యమంత్రే. ఒకే నెలలో పక్కపక్క జిల్లాల్లో ఒకరు నిలిచారు, ఒకరు పడ్డారు. గాలి అందరి మీదా వీచినా అందర్నీ పడగొట్టలేదు. వదులుకున్న బలమూ, దాన్ని అందుకోగల స్థానిక మనిషీ కలిసిన చోట పడగొట్టింది. పి.వి. వైపు నుంచి ఒక బలహీనత కూడా తోడైంది. అదే ఎన్నికలో ఆయన మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేశారు, అక్కడ గెలిచారు. ఎన్ని చోట్లనైనా పోటీ చేసే వీలు అప్పట్లో చట్టంలో ఉండేది. రెండింటికే పరిమితం చేసింది 1996లోనే. నాయకుడు ఇంకో చోట కూడా నిలబడ్డాడని తెలిశాక, ఈయన్ని ఓడిస్తే దేశం ఒక మేధావిని పోగొట్టుకుంటుందన్న మాట ఓటరు మీద పనిచేయదు. పి.వి. ఆ తర్వాత హనుమకొండకు తిరిగి రాలేదు. 1989లో రాంటెక్, ప్రధాని అయ్యాక 1991 ఉప ఎన్నికలో నంద్యాల, 1996లో నంద్యాలతోపాటు ఒడిశాలోని బరంపురం ఆయన్ని గెలిపించాయి.

ఇక హనుమకొండ తిరుగుబాటు స్థానమన్న పేరు సంగతి. దీన్ని లెక్క వేసి తేల్చవచ్చు. 9 సాధారణ ఎన్నికల్లోనూ రాష్ట్రంలో ఎక్కువ లోక్‌సభ స్థానాలు గెలిచిన పార్టీ లేదా కూటమి ఏది, హనుమకొండ ఎటు మొగ్గింది అని పక్కపక్కన పెట్టి చూస్తే, 1977, 1980, 1984, 1989, 1991, 1996, 1999, 2004లో రెండూ ఒకే వైపు ఉన్నాయి. 1998 ఒక్కసారే తేడా వచ్చింది. రాష్ట్రంలో కాంగ్రెస్ 22 గెలిచి ముందున్నా, హనుమకొండ వామపక్షాలతో కలిసి ఉన్న తెలుగుదేశం అభ్యర్థి సురేశ్‌రెడ్డిని ఎన్నుకుంది. తిరుగుబాటు ఎక్కడైనా ఉందంటే అది ఎవరికీ గుర్తులేని 1998లో ఉంది. అందరికీ గుర్తున్న 1984లో ఈ స్థానం రాష్ట్రంతోనే నడిచింది. ఇదే లెక్క ఢిల్లీతో వేస్తే సంగతి మారుతుంది. 1977లో దేశం జనతాకిచ్చింది, హనుమకొండ కాంగ్రెస్‌కిచ్చింది. 1984లో దేశం కాంగ్రెస్‌కిచ్చింది, హనుమకొండ వేరే దారి పట్టింది. 1989లో కేంద్రంలో నేషనల్ ఫ్రంట్ వచ్చింది, హనుమకొండ కాంగ్రెస్ వైపు తిరిగింది. ఇది పార్లమెంటు స్థానమే అయినా దీని ఓటరు తీర్పు చెప్పింది హైదరాబాద్ రాజకీయం గురించి. పొత్తులు కుదిరేదీ రాష్ట్ర స్థాయిలోనే కాబట్టి, తప్పుకున్నవాళ్ల చరిత్ర అన్న నా వాదనా ఈ లెక్కా ఒకదానికొకటి బలమిస్తాయి.

1989 నుంచి 1996 దాకా కమాలుద్దీన్ అహ్మద్ కాలం. ఆయన అంతకుముందు 1980లో వరంగల్ నుంచి గెలిచినవారు. పి.వి.ని ఓడించిన స్థానం నుంచే గెలిచి ఆయన పి.వి. మంత్రివర్గంలో సహాయ మంత్రి అయ్యారు. వ్యక్తి మీద కోపం అన్న వాదాన్ని ఇది కూడా బలహీనపరుస్తుంది. 1989లో రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 39 వచ్చాయి కాబట్టి దానికి పెద్ద వివరణ అక్కర్లేదు. 1996 మాత్రం గమనించదగ్గది. తెలుగుదేశం నిలువునా చీలిన తర్వాత వచ్చిన తొలి ఎన్నిక అది. చంద్రబాబు నాయుడు వర్గం ఒకవైపు, లక్ష్మీపార్వతి నాయకత్వంలోని ఎన్టీఆర్ తెలుగుదేశం ఇంకోవైపు బరిలో ఉన్నాయి. ఒకరు తప్పుకుంటే ఏమవుతుందో 1984 చూపించింది. తప్పుకోవాల్సినవాళ్లు తప్పుకోకపోతే ఏమవుతుందో 1996 చూపించింది. 1999లో తెలుగుదేశం, బీజేపీ పొత్తు కుదిరింది. పదిహేనేళ్ల కిందట తన అత్యంత ప్రసిద్ధ విజయం సాధించిన చోటునే బీజేపీ ఈసారి తెలుగుదేశానికి వదిలేసింది. సురేశ్‌రెడ్డి రెండోసారి గెలిచారు. ఆ పొత్తు రాష్ట్రంలో 42లో 36 గెలిచింది. హనుమకొండ బీజేపీకి సహజంగా అబ్బిన సీటే అయితే, తనకు దక్కిన కొద్ది స్థానాల్లో మొదట దాన్నే అడిగి ఉండాలి కదా. 2004లో ఆట మళ్లీ మారింది. 2001 ఏప్రిల్ 27న పుట్టిన టీఆర్ఎస్‌తో కాంగ్రెస్ పొత్తు పెట్టుకుని, తాను అయిదుసార్లు గెలిచిన ఈ స్థానాన్ని వదులుకుంది. వినోద్‌కుమార్ గెలిచారు. రాష్ట్రంలో టీఆర్ఎస్‌కు వచ్చిన అయిదు ఎంపీ స్థానాల్లో ఇదొకటి.

ఇప్పటిదాకా చెప్పిన దానికి అసలు పరీక్ష 2008. ప్రత్యేక రాష్ట్రం కోసం టీఆర్ఎస్ సభ్యులు రాజీనామా చేశారు. మే 29న కరీంనగర్, హనుమకొండ, వరంగల్, ఆదిలాబాద్ స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగాయి. ఈసారి ఎవరూ ఎవరి కోసం తప్పుకోలేదు. కాంగ్రెస్ ఒకవైపు, తెలుగుదేశం ఒకవైపు, టీఆర్ఎస్ ఒంటరిగా. అయినా హనుమకొండలో వినోద్‌కుమార్ నిలబడ్డారు. వదులుకున్నవాళ్ల లెక్కతో ఈ ఫలితాన్ని వివరించలేమని ఒప్పుకోవాలి. ఉద్యమ భావన వల్ల గెలిచారని సులభంగా చెప్పవచ్చు. కానీ అదే రోజు, అదే డిమాండ్ మీద, పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేని వరంగల్ వైపు టీఆర్ఎస్ ఓడిపోయింది. అక్కడ తెలుగుదేశం అభ్యర్థి ఎర్రబెల్లి దయాకర్‌రావు గెలిచారు. ఆదిలాబాద్ కాంగ్రెస్‌కు పోయింది. రెండు స్థానాల్లో నిలబడి రెండు స్థానాల్లో ఓడిన భావనను ఒకే కారణంగా చూపలేం. వరంగల్‌లో ప్రత్యర్థికి సొంత పునాది గట్టిది. హనుమకొండలో మిగతా రెండు పార్టీల ఓటు చీలింది. త్రిముఖ పోటీలో సగం ఓట్లు రాకపోయినా గెలవవచ్చు. భావనతోపాటు బరి స్వరూపం కూడా పనిచేసిందనే నేననుకుంటున్నాను. అయితే ఇక్కడ నా నమ్మకం 1984 విషయంలో ఉన్నంత గట్టిది కాదు.

ఆ ఉప ఎన్నికకు మరో విశేషముంది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ పునర్విభజన ఉత్తర్వులు 2008 ఫిబ్రవరి 19నే అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం హనుమకొండ లోక్‌సభ స్థానం అప్పటికే లేదు. కానీ అప్పటి లోక్‌సభ రద్దయ్యేదాకా పాత సరిహద్దులే చెల్లుతాయి కాబట్టి, రద్దు నిర్ణయమైపోయిన స్థానంలోనే మూడు నెలల తర్వాత జనం వరుసల్లో నిలబడి ఎంపీని ఎన్నుకున్నారు. 2009లో ఆ పేరు బ్యాలెట్ మీద లేదు. హనుమకొండ శాసనసభ స్థానం కూడా వరంగల్ పశ్చిమగా మారింది. వరంగల్ ఎంపీ స్థానం షెడ్యూల్డ్ కులాలకు, కొత్తగా వచ్చిన మహబూబాబాద్ షెడ్యూల్డ్ తెగలకు రిజర్వయ్యాయి. దీన్ని నష్టమని మాత్రమే చెప్పడం అన్యాయం. ఆదివాసులు, లంబాడాలు ఎక్కువగా ఉన్న ప్రాంతానికి సొంత ఎంపీ దొరకడం ఆ పునర్విభజన వల్లే. నా ఫిర్యాదు సరిహద్దు మారిందని కాదు, సరిహద్దుతోపాటు లెక్క తెగిపోయిందని. ఇవాళ హనుమకొండ పేరుతో జిల్లా ఉంది, 2021లో ఆ పేరు వచ్చింది. కానీ ఆ జిల్లాలో హనుమకొండ పట్టణం, పరకాల వరంగల్ ఎంపీ స్థానంలో ఉంటే, కమలాపూర్, పి.వి. సొంతూరు వంగర ఉన్న భీమదేవరపల్లి కరీంనగర్ స్థానంలో ఉన్నాయి. పి.వి. పుట్టిన లక్నేపల్లి మహబూబాబాద్ స్థానంలో ఉంది.

ఈ మూడు స్థానాలూ 2009లో కాంగ్రెస్‌ను, 2014లో టీఆర్ఎస్‌ను గెలిపించాయి, అంటే పాత హనుమకొండలాగే రాష్ట్రం వెంట నడిచాయి. 2019లో మొదటిసారి దారులు వేరయ్యాయి: వరంగల్, మహబూబాబాద్ టీఆర్ఎస్‌తో ఉంటే, కరీంనగర్ బీజేపీ వైపు వెళ్లి వినోద్‌కుమార్‌ను ఓడించింది. 2024లోనూ కరీంనగర్ బీజేపీతోనే ఉంది, మిగతా రెండూ కాంగ్రెస్‌కు వచ్చాయి. 1984లో కమలానికి ఓటేసిన ఊళ్లే ఇప్పుడు మళ్లీ వేస్తున్నాయా, లేక వేరే ఊళ్లా అన్న ప్రశ్నకు స్థానాల వారీ ఫలితాల్లో జవాబు దొరకదు. పాత స్థానంలోని ఏ గ్రామం ఇప్పుడు ఏ స్థానంలో ఉందో, ఏ పోలింగ్ కేంద్రం ఏ కేంద్రంలో కలిసిందో చెప్పే పట్టిక కావాలి. పునర్విభజన కమిషన్లు కొత్త స్థానంలో ఏ మండలాలున్నాయో చెబుతాయి, అవి పాత లెక్కల్లో ఎక్కడివో చెప్పవు. రాజ్యాంగంలోని ప్రస్తుత ఏర్పాటు ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలతో ఈ పని మళ్లీ మొదలవుతుంది, ఇంకెన్నో స్థానాల పేర్లు, గీతలు మారతాయి. ఆ లోపే మన విశ్వవిద్యాలయాల రాజనీతి శాస్త్ర విభాగాలు 1977 నుంచి 2008 దాకా హనుమకొండ స్థానంలోని గ్రామాలతో ఆ పట్టికను తయారుచేయడం మొదలుపెట్టాలని, ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి అందుకు ఒక పరిశోధక విద్యార్థికైనా తోడ్పడాలని నిర్వాహకులను కోరుతున్నాను.